వచన పితామహుని వార్ధక్యం

వార్ధక్యంలో మనుష్యునికి సుఖమిచ్చేవి ఏవి అని అడిగితే లోకులు వెంటనే నాలుగు చెప్పుతారు. సొంత ఇల్లు, చేతిలో కొంత ధనం, చెప్పినమాట వినే సంతానం, రోగం లేని దేహం. ఇవి ఉండడం మంచిదే. వీనిని ఎవరూ కాదనరు. అయితే ఈ నాలుగూ సమకూరిన గృహాలలోనే ఎందరో వృద్ధులు పగలంతా గుమ్మంవైపు చూస్తూ, రాత్రులు నిద్ర లేక, గడచిన కాలాన్ని తలచుకొని నిట్టూర్పులు విడుస్తూ ఉండడం మనం చూస్తూనే ఉన్నాము. మరొకవైపు, వీనిలో మొదటి రెండూ తన చేతులతోనే వదలుకొని, ఎనుబది ఏండ్లు దాటినంతవరకు పని మానకుండా, ఎవరినీ నిందించకుండా బ్రతికిన మహనీయుడు ఒకరు మన సమాజంలోనే ఉన్నారు. వారే వచన పితామహ డాక్టర్ ఫకీరప్ప గురుబసప్ప హళకట్టి గారు. వారి జీవితాన్ని, అందులోనూ దాని ఉత్తరార్ధాన్ని, ఒకసారి నిదానంగా పరిశీలించడం ప్రతి శరణ కుటుంబానికీ అవసరం.

హళకట్టి గారు 1880 జూలై 2వ తేదీన ధారవాడలో జన్మించినారు. తండ్రి గురుబసప్ప గారు ఉపాధ్యాయులు, కన్నడంలో రచనలు చేసినవారు. పసితనంలోనే తల్లి గతించినందున బాలుడు అవ్వ పెంపకంలో పెరిగినాడు. ధారవాడలో చదువు ముగించి, ఆ కాలంలో ఉత్తర కర్ణాటక యువకులందరికీ ఉన్నత విద్యకు గమ్యస్థానమైన బొంబాయి నగరానికి వెళ్ళినారు. అక్కడ పట్టభద్రులై, 1904లో న్యాయశాస్త్ర పరీక్షలో ఉత్తీర్ణులైనారు. బొంబాయిలో వారికి మరాఠీ, గుజరాతీ విద్యార్థులతో సహవాసం కలిగింది. వారు తమ భాషను, తమ పూర్వకవులను ఎంత అభిమానంతో తలచుకొంటారో చూచి, కన్నడిగులకు అట్టి స్వాభిమానం లేదే అనే బాధ ఆ యువకుని మనస్సులో నాటుకొన్నది. ఆ బాధయే తరువాతి అరువది ఏండ్ల కృషికి బీజమైంది.

బెళగావిలో కొంతకాలం న్యాయవాదిగా ఉండి, తరువాత వారు బిజాపురంలో స్థిరపడినారు. ఆ పట్టణానికే 2014 నుండి విజయపుర అని నామాంతరం కలిగింది. వృత్తిలో మంచి పేరు వచ్చింది, ప్రభుత్వ న్యాయవాది పదవి లభించింది. ఆ రాబడితో వారు మేడలు కట్టుకొని ఉండవచ్చును. కాని వారి దృష్టి ఇతరత్ర ఉన్నది. 1910లో బిజాపుర లింగాయత విద్యాభివృద్ధి సంస్థను స్థాపించినారు. 1912లో సిద్ధేశ్వర సహకార బ్యాంకు నెలకొల్పడానికి ప్రధాన కారకులైనారు. పురపాలక సంఘంలో ఉండి, వానలు తక్కువైన ఆ పట్టణానికి భూతనాళ చెరువు నీరు అందడానికి పాటుపడినారు. బొంబాయి శాసన మండలిలోనూ సభ్యులుగా ఉన్నారు. విద్య, ధనం, నీరు అనే మూడు అవసరాలనూ గుర్తించి పని చేసిన కార్యశీలి వారు. కేవలం గ్రంథాలలో మునిగిన పండితుడు మాత్రమే కారు.

అయినా వారి పేరు చిరస్థాయిగా నిలిచినది వచన వాఙ్మయోద్ధరణ వలననే. 12వ శతాబ్దంలో కల్యాణ పట్టణంలో బసవేశ్వరుడు, అల్లమ ప్రభువు, అక్కమహాదేవి, చెన్నబసవేశ్వరుడు మొదలైన శరణులు పలికిన వచనాలు, కల్యాణ విప్లవానంతరం శరణులు చెల్లాచెదరైనప్పుడు తాళపత్రాల రూపంలో ఊరూరా చెదరిపోయినవి. 15వ శతాబ్దంలో విజయనగర ప్రభువుల కాలంలో ఒకసారి వానిని సేకరించి క్రమపరచినారు. తరువాత మరల కొన్ని శతాబ్దాలు మఠాల అటుకులమీద, గృహస్థుల పూజామందిరాలలో ఆ గ్రంథాలు గుడ్డమూటలలో ఒదిగిపోయినవి. పండుగనాడు పసుపు కుంకుమలతో పూజించేవారే గాని విప్పి చదివేవారు కరువైనారు. కొన్ని పురుగుల పాలైనవి, కొన్ని చదివేవారు లేక నీటిలో కలిసినవి.

హళకట్టి గారు యౌవనంలో కొన్ని తాళపత్ర ప్రతులను చూడడం తటస్థించింది. అందులోని సరళమైన కన్నడం, అందులోని సమత్వ భావం, కాయక గౌరవం వారిని ఆశ్చర్యచకితుని చేసినవి. ఇట్టి సంపద మన ఇండ్లలోనే మూలుగుతూ ఉండగా మనం దరిద్రులమని ఎందుకు అనుకొంటున్నామని వారు తమలో తాము తర్కించుకొన్నారు. ఆనాటినుండి న్యాయస్థానానికి సెలవు దొరికినప్పుడల్లా ప్రతుల వేటలో పల్లెలకు బయలుదేరేవారు. ప్రతి గలవారు సులభంగా ఇచ్చేవారు కారు. ఇది మా పెద్దల ఆస్తి, ఇల్లు దాటితే అరిష్టమని కొందరు భయపడేవారు. వారిని నచ్చజెప్పి, అక్కడనే కూర్చుండి ప్రతిని వ్రాసుకోవలసి వచ్చేది.

తాళపత్రం చదవడం సామాన్యమైన పని కాదు. గంటముతో గీచిన అక్షరాలు కనిపించాలంటే మసి పూయాలి. పదానికి పదానికి నడుమ ఎడము ఉండదు. వాక్యాంతానికి గుర్తు ఉండదు. ఒక ప్రతిలో ఉన్నది మరొక ప్రతిలో ఉండదు. వచనం ఎవరిదో తెలియాలంటే చివర ఉన్న అంకితమే ఆధారం. కూడలసంగమదేవ అని ఉంటే బసవేశ్వరునిదని, గుహేశ్వర అని ఉంటే అల్లమ ప్రభువుదని, చెన్నమల్లికార్జున అని ఉంటే అక్కమహాదేవిదని, రామనాథ అని ఉంటే దేవర దాసిమయ్యదని నిర్ణయించాలి. ఇట్లు ఒక్కొక్క అంకితాన్ని వెదకి వేరుచేయగా చేయగా, అంతకుముందు సాహిత్య చరిత్రకారులకు సుమారు 50 మంది వచనకారులు మాత్రమే తెలిసి ఉండగా, హళకట్టి గారి పరిశ్రమతో ఆ సంఖ్య 250కి మించినది. వారిలో చాకలి, మంగలి, చర్మకారుడు, పడవ నడిపేవాడు, నూలు వడికే స్త్రీ కూడా ఉన్నారు. ఏడు వందల ఏండ్లు మాటలేక పడి ఉన్నవారికి మరల మాట వచ్చినది.

ఇంత శ్రమపడి కూర్చిన సంకలనానికి వచన శాస్త్ర సారమని పేరిడి, అచ్చునకై మంగళూరులోని బాసెల్ మిషన్ ముద్రణాలయానికి పంపినారు. ఆ సంస్థవారు దానిని ముద్రించక త్రిప్పి పంపినారు. క్రైస్తవ మతంలో చెప్పబడిన ఉన్నత భావాలన్నీ ఇందులోనే ఉన్నవి గనుక, దీనిని ముద్రిస్తే తమ ప్రచారానికి ఆటంకమగునని వారు సంకోచించినట్లు పెద్దలు చెప్పుకొంటారు. హళకట్టి గారు నిరుత్సాహపడలేదు. ఆ తిరస్కారమే గ్రంథం విలువకు సాక్ష్యమని గ్రహించినారు. 1923లో బెళగావిలో మొదటి భాగం అచ్చు అయినది. అప్పటికి వారికి 43 ఏండ్లు. ఇక్కడ ఒక విశేషం గమనింపదగినది. అదే బాసెల్ మిషన్‌కు చెందిన పాదిరి ఉత్తంగి చెన్నప్ప గారు తరువాతి కాలంలో వచన వాఙ్మయానికి గొప్ప పరిశోధకులై, 1949లో కలబురగి కన్నడ సాహిత్య సమ్మేళనానికి అధ్యక్షులైనారు. మూసిన తలుపు మూసినట్లే ఎల్లకాలం ఉండదు. ఓపిక గలవారు తమ జీవితంలోనే అది తెరచుకోవడం చూస్తారు.

ఒక్కొక్క గ్రంథానికీ ఇతరుల ముద్రణాలయాల చుట్టూ తిరగడం కష్టమని భావించి, హళకట్టి గారు తామే ఒక అచ్చుకూటం పెట్టదలచినారు. దానికి ధనం కావాలి. ఉన్న ఆస్తి ఇల్లు ఒక్కటే. ఆ ఇంటిని అమ్మివేసినారు. ఆ ధనంతో బిజాపురంలో హితచింతక ముద్రణాలయం వెలసింది. 1926లో శివానుభవ పత్రిక మొదట త్రైమాసికంగా ఆరంభమైంది. మరుసటి ఏడు నవకర్ణాటక అనే వారపత్రిక కూడా వెలువడినది. నడివయస్సు దాటుతున్న గృహస్థు, ముసలితనానికి నీడగా ఉండవలసిన ఇంటిని అమ్మి అద్దె ఇంటికి మారడమంటే బంధుమిత్రులు ఏమనుకొని ఉంటారో ఊహించడం కష్టం కాదు. భార్య భాగీరథీబాయి గారికి అది ఎంతటి పరీక్షో కూడా మరువరాదు. వచనాల ముద్రణ చరిత్ర వ్రాసేటప్పుడు ఆ తల్లి సహనాన్ని కూడా లెక్కలో చేర్చడం న్యాయం.

అదే 1926వ సంవత్సరంలో బళ్ళారిలో జరిగిన కన్నడ సాహిత్య సమ్మేళనానికి హళకట్టి గారు అధ్యక్షత వహించినారు. బళ్ళారి నాడు మద్రాసు రాజధానిలో చేరి, తెలుగు కన్నడాలు రెండూ వినిపించే సీమ. తెలుగునాట కూడా ఆ ఏడాది స్మరణీయమైనదే. పాల్కురికి సోమనాథుని బసవపురాణం వేటూరి ప్రభాకరశాస్త్రి గారి విపులమైన పీఠికతో ఆంధ్ర గ్రంథమాలలో వెలువడినది 1926లోనే. 1369లో భీమకవి కన్నడంలోనికి తెచ్చిన గ్రంథమూ ఈ సోమనాథుని బసవపురాణమే. ఒకే శివభక్తి స్రోతస్సు రెండు భాషలలో ఒకే ఏట మరల వెలుపలికి పొంగినది.

ఇక్కడినుండి వారి జీవితంలో రెండవ భాగం ఆరంభమగును. లోకం దీనిని క్షీణదశ అని పిలుస్తుంది. రాబడి తగ్గినది. పత్రికకు చందాదారులు కొద్దిమంది. వారిలోనూ సకాలంలో చందా పంపేవారు మరీ తక్కువ. కాగితం ధర, అక్షరాలు కూర్చేవారి జీతం, టపా ఖర్చు మాత్రం ఆగవు. న్యాయవాదిగా సంపాదించినది ముద్రణాలయం మ్రింగివేసేది. వారు అతుకులు వేసిన కోటు ధరించేవారని, సైకిలు మీదనే పట్టణమంతా తిరిగేవారని పలువురు చెప్పేవారు. ఆ స్థితిలోనే బసవేశ్వరుని వచనాలు, శూన్య సంపాదనె, హరిహర కవి రగడలు మొదలుగా నూరుకు పైగా గ్రంథాలు వారు ప్రకటించినారు. శివానుభవ పత్రికను సుమారు 35 ఏండ్లు, తమకు ఎనుబది ఏండ్లు దాటేవరకు నడిపినారు.

కన్నడ సాహిత్యాచార్యులు బి. ఎం. శ్రీకంఠయ్య గారు బిజాపురం వచ్చినప్పుడు అక్కడివారు జగత్ప్రసిద్ధమైన గోళగుమ్మటం చూడ రమ్మని ఆహ్వానించగా, తాము ముందు చూడవలసినది వచన గుమ్మటమని చెప్పి హళకట్టి గారి ఇంటికి వెళ్ళినారని ప్రతీతి. ఆ ఉపమానం ఎంతో సార్థకమైనది. గోళగుమ్మటంలో ఒకమూల మెల్లగా పలికిన మాట ఆవలి మూలకు వినిపించును, అనేకసార్లు ప్రతిధ్వనించును. హళకట్టి గారు కూడా ఎనిమిది శతాబ్దాల ఆవల పలికిన మాటను మనకు వినిపించిన గుమ్మటమే.

ఇట్టి జీవితంలో సుఖం ఎక్కడ ఉన్నదని సందేహం కలుగవచ్చును. బలవంతం చేసేవారు ఎవరూ లేకున్నా, ఏటేటా నష్టమే వస్తున్నా, ఒక మనిషి 35 ఏండ్లు ఒక పనిని వదలలేదంటే, ఆ పనియే అతనికి సుఖమని గ్రహించక తప్పదు. వారి వార్ధక్యాన్ని నిలబెట్టిన ఆధారాలు కొన్ని స్పష్టంగా కనిపిస్తున్నవి.

మొదటిది కాయకం. బసవేశ్వరుడు ఉపదేశించిన కాయకానికి విరమణ వయస్సు లేదు. ఉద్యోగానికి విరమణ ఉండును, పదవికి గడువు ఉండును, కాయకానికి మాత్రం దేహం సహకరించినంతకాలం తావు ఉండును. హళకట్టి గారికి ప్రతి ఉదయం చూడవలసిన అచ్చుప్రతి ఉన్నది, పోల్చవలసిన తాళపత్రం ఉన్నది, వెలువడవలసిన సంచిక ఉన్నది. నేడు ఏమి చేయాలి అనే ప్రశ్న లేని వృద్ధునికి కాలం భారం కాదు.

రెండవది కోరికల మితి. వారు దారిద్ర్యాన్ని కోరుకోలేదు. తమ అవసరాలను మాత్రం తగ్గించుకొన్నారు. అనుభవించిన భోగం పోయినదని ఏడ్చేవానికి వార్ధక్యం నష్టాల పట్టికగా తోచును. ఉన్నదానిని ప్రసాదంగా స్వీకరించేవానికి పోయినదేమియు కనబడదు. ఇల్లు పోయినదని ఇతరులు అనుకొన్నారు. ఇల్లు అచ్చుకూటంగా మారినదని వారు అనుకొన్నారు.

మూడవది దాసోహం. తాము సంపాదించిన జ్ఞానాన్ని వారు మూటకట్టి దాచలేదు. ఇంటిలో దాగిన గ్రంథం నశించునని ఎరిగినవారు గనుక, దొరికినదెల్లా అచ్చువేసి లోకం చేతిలో పెట్టినారు. వారి తరువాత శి. శి. బసవనాళ మొదలైన పండితులు వచనాలను మరింత శాస్త్రీయంగా పరిష్కరించినారు. వారి ముద్రణలలోని లోపాలను తరువాతివారు సవరించినారు. ఇది వారికి పరాభవం కాదు. తాను నాటిన చెట్టుకు ఇతరులు నీరు పోయడం చూడడంకంటె వృద్ధునికి వేరు సంతోషం ఏమున్నది? నేను లేకుంటే ఇది సాగదని అనుకొనేవానికి ముసలితనం భయంకరం. నా తరువాత ఇది సాగవలెనని పాటుపడినవానికి అది పంటకాలం.

నాల్గవది సత్సంగం. ఒంటరితనం వార్ధక్యంలో రోగంకంటె క్రూరమైనది. హళకట్టి గారి పత్రిక చుట్టూ పరిశోధకులు, మఠాధిపతులు, యువ రచయితలు, ప్రతులు తెచ్చి ఇచ్చే గ్రామస్థులు చేరినారు. దేశమంతటినుండి ఉత్తరాలు వచ్చేవి. ఆ చిన్న ముద్రణాలయమే వారికి అనుభవ మండపమైంది. ఎన్నడో కాలంచేసిన శరణులు కూడా వారికి నిత్య సహచరులే. ప్రతిదినం అల్లమునితో, అక్కతో మాటలాడుకొనేవానిని ఒంటరివాడు అనలేము.

గౌరవాలు ఆలస్యంగానే వచ్చినా వచ్చినవి. 1956లో ధారవాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం వారికి గౌరవ డాక్టరేటు ప్రదానం చేసినది. అప్పటికి వారికి 76 ఏండ్లు. తాము యౌవనంనుండి కాంక్షించిన కర్ణాటక ఏకీకరణ కూడా అదే ఏడు నవంబరు 1వ తేదీన సిద్ధించినది. ఆంధ్రప్రదేశ్ అవతరించినదీ ఆ రోజుననే. 1964 జూన్ నెలాఖరున, 84 ఏండ్లు నిండడానికి కొద్ది దినాల ముందు, హళకట్టి గారు లింగైక్యులైనారు. అదే సంవత్సరం బి. డి. జత్తి గారు బెంగళూరులో బసవ సమితిని స్థాపించినారు. ఒక దీపం ఆరకముందే మరొక దీపం వెలిగినట్లయింది.

వారు నెలకొల్పిన విద్యాసంస్థ నేడు వైద్య, సాంకేతిక విద్యాలయాలతో మహావృక్షమై ఉన్నది. వారి రచనలన్నీ ఎం. ఎం. కలబురగి గారి సంపాదకత్వంలో సమగ్ర సంపుటాలుగా వెలువడినవి. 1993లో కర్ణాటక ప్రభుత్వం సమస్త వచనాలను 15 సంపుటాలలో ప్రకటించినది. బసవ సమితి ఆ వాఙ్మయంనుండి ఏర్చి కూర్చిన వచనాలను తెలుగుతో సహా పెక్కు భాషలలోనికి అనువదింపజేసినది. నేడు తెలుగు చదివే వీరశైవ కుటుంబం తన ఇంటిలో శరణుల వచనాలను చదువుకొనగలుగుతున్నదంటే, అందులో ఆనాడు బిజాపురంలో అమ్ముడుపోయిన ఒక ఇంటి ఇటుకలు కూడా ఉన్నవి. వారి జన్మదినమైన జూలై 2ను కర్ణాటకలో వచన సాహిత్య సంరక్షణ దినంగా పాటిస్తున్నారు.

అయితే ఈ చరిత్రను విని వృద్ధుని దారిద్ర్యాన్ని పొగడుతూ కూర్చుండడం తగదు. అతుకుల కోటు హళకట్టి గారికి భూషణమే. సమాజానికి మాత్రం అది భూషణం కాదు. చందా బాకీ పెట్టినవారు, పుస్తకం ఉచితంగా ఆశించినవారు, సభలో శాలువా కప్పి మరునాడు మరచినవారు ఆ అతుకులకు కారకులే. శాలువా ఒక పూట వెచ్చదనమిచ్చును. సకాలంలో చేసిన సహాయం ఏడాది పొడుగునా నిలుచును. దాసోహమన్నది పెద్దలకు మనం చేయవలసిన సేవలో కూడా ఉన్నది.

మన కుటుంబాలలో వృద్ధులకు అన్నవస్త్రాలు లోపించకపోవచ్చును. పని లోపిస్తున్నది. మీరు విశ్రాంతి తీసుకోండి అని గౌరవంతోనే వారిని ఒక మూల కూర్చుండబెట్టుతున్నాము. దానికి బదులు మనుమలకు వచనాలు నేర్పమని, ఇష్టలింగ పూజా విధానాన్ని చూపమని, ఇంటిలోని పాత ప్రతులను, దానపత్రాలను, వంశవృక్షాలను విప్పి చదివి వ్రాయించమని వేడుకొనవచ్చును. మఠాలు కూడా తమ గ్రంథభాండాగారాలను సరిచేయడానికి, పాఠశాలలలో బోధించడానికి, ప్రసాదనిలయాల లెక్కలు చూడడానికి ఊరి పెద్దలను ఆహ్వానించవచ్చును. దేహం చేయగలిగినంత పని, మనస్సు ఒప్పుకొనే పని, నలుగురికి ఉపకరించే పని ప్రతి వృద్ధునికి ఒకటి ఉండాలి.

వృద్ధులు తామూ ఒక ప్రశ్న వేసుకోవాలి. తమ అటుకుమీద, తమ స్మృతిలో విప్పని మూట ఏదైనా మిగిలి ఉన్నదా? తమతోనే పోనున్న విద్య, పాట, వైద్యం, ఊరి చరిత్ర ఏదైనా ఉన్నదా? ఉంటే దానిని విప్పి తరువాతివారి చేతిలో పెట్టడానికి ఇదే సమయం. 43వ ఏట మొదటి సంపుటం ప్రకటించి, ఎనుబదవ ఏటనూ సంచికను దిద్దుతూ ఉన్న ఆ మహనీయుని జీవితం చెప్పేది ఇదే. తీసుకోవడం ముగిసిన తరువాత ఇవ్వడం ఆరంభించేవానికి వార్ధక్యం సంధ్యాకాలమైనా చీకటి కాదు.